మా ఆట వదిలేశామని ఎవరు రాశారు? చదరంగం రికార్డుల చరిత్ర, మా హాస్టల్ లెక్క



పోస్ట్ పెద్దది. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. చదరంగం రాకపోయినా పర్లేదు, అర్థమయ్యేటట్టే రాశాం.

మేం నలుగురం. ఒకటే హాస్టల్, ఒకటే గది. ఇద్దరం వాడరేవు పక్క యానాది కాలనీ వాళ్లం. ఒక తమ్ముడు స్టువర్టుపురం ఎరుకల పిల్లోడు. ఇంకొకడు పల్నాడు వైపు సుగాలి తండా నుంచి వచ్చాడు. నాలుగిళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనుషులం మేమే. మా నాయనలు వేటకో, రొయ్యల చెరువుల కాపలాకో పోతారు. సీజన్ వస్తే మా అమ్మలు మిరప కోతలకు, పత్తి తీయడానికి గుంటూరు వైపు పోతారు.

హాస్టల్లో ఒక చెస్ బోర్డు ఉంది. అందులో ఒక ఏనుగు ఎప్పుడో పోయింది, దాని చోట టూత్‌పేస్ట్ మూత పెట్టి ఆడతాం. బోర్డు ఒకటి, ఆడేవాళ్లు ఇరవై మంది. అందుకే ఫోన్లో ఆన్‌లైన్ ఆటలకు అలవాటు పడ్డాం.

పోయినేడు కాలేజీ చెస్ టీమ్‌కు సెలక్షన్ పెట్టారు. పేరిచ్చిన వాళ్లందరూ ఆన్‌లైన్ రికార్డు చూపించమన్నారు సారు. మా ఫోన్లు తీసుకుని లిస్టు కిందికి జరుపుతా పోయారు. "ఇన్ని ఆటలు మధ్యలో వదిలేశారేందిరా? ఓడిపోతామనుకుంటే లేచిపోతారా?" అన్నారు. ఆయన తప్పు కాదు. ఆట ఆట పక్కన 'అబాండన్డ్' అనే మాట ఉంది. అంటే వదిలేసి పోయారని.

మేం వదిలేయలేదు. మా హాస్టల్లో రాత్రి పదింటికి వైఫై ఆగిపోతుంది. మా ఫోన్లలో డేటా చాలాసార్లు అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇది మాకు తెలుసు. కానీ ఆ లిస్టులో ఎక్కడా లేదు. సారు ముందు మాట రాక గదికి వచ్చేశాం.

ఆ రాత్రి మా స్టువర్టుపురం తమ్ముడు ఒక మాటన్నాడు: "మన గురించి వాళ్లు రాసిందే చూస్తున్నాం. ఆ పుస్తకం మనమే తెప్పించుకుని మొత్తం చదివితే?" అక్కడ మొదలైంది. చదువుతా పోతే మా లెక్క కంటే ముందు ఆటల రికార్డులకు ఉన్న చరిత్ర చదవాల్సి వచ్చింది. ముందు అది చెబుతాం.

రాసిన ఆటే మిగిలింది

చదరంగం పుట్టింది మన దేశంలోనే అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మరి వందల ఏళ్లు మన ఊళ్లలో ఆడిన ఆటలు ఏవీ? ఎత్తులు ఎవరూ రాయలేదు కాబట్టి అవి మిగల్లేదు.

1848 ప్రాంతంలో కలకత్తాలో జాన్ కొక్రేన్ అనే స్కాట్లాండ్ బారిస్టర్ ఉండేవాడు. చదరంగంలో గట్టివాడు. పల్లెటూళ్లో ఒకాయన ఉన్నాడు, ఆయన్ను ఓడించినోడు లేడు అని విని వెతికి పట్టుకున్నాడు. ఆయన మహేశ్ చంద్ర బెనర్జీ. ఇద్దరూ ఏళ్ల తరబడి ఆడారు. కొక్రేన్‌కు ఆటలు రాసుకునే అలవాటు. అందుకే ఆ ఇద్దరి ఆటలు వందల కొద్దీ ఈరోజుకీ దొరుకుతున్నాయి. ఈరోజు ప్రపంచమంతా 'ఇండియన్ డిఫెన్స్' అని పిలిచే ఆరంభాలకు ఆ పేరు రావడం వెనక ఆ కలకత్తా ఆటలే ఉన్నాయి. కొక్రేన్ కలం పట్టకపోతే ఆ ఆటలూ పోయేవి.

ఇంకొకాయన మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబ్ మనిషి. ఉమర్ హయత్ ఖాన్ అనే జమీందారు దగ్గర నౌకరీ. 1929లో దొర వెంట ఇంగ్లండ్ పోయాడు. ఆ ఏడే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. 1930-31 హేస్టింగ్స్ టోర్నమెంట్‌లో కాపబ్లాంకానే ఓడించాడు. కాపబ్లాంకా అంటే అంతకుముందు ప్రపంచ చాంపియన్. తర్వాత దొరతో ఇండియా వచ్చేశాడు, పెద్ద టోర్నమెంట్లు మళ్లీ ఆడలేదు. 1966లో చనిపోయాడు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో. చనిపోయిన యాభై ఎనిమిదేళ్లకు. ఆట ఎంత గొప్పదో ఈరోజు మాట్లాడగలుగుతున్నామంటే ఆ టోర్నమెంట్ల కాగితాలు ఉండబట్టే.

రాయడానికీ ఒక పద్ధతి కావాలి కదా. బోర్డు మీద నిలువు వరసలకు అక్షరాలు, అడ్డ వరసలకు అంకెలు పెట్టి గడికో పేరు ఇచ్చే పద్ధతిని అలెప్పో పట్నం నుంచి వచ్చిన ఫిలిప్ స్టమ్మా 1737లో తన పుస్తకంలో వాడాడు. మనం ఇప్పుడు 'ఈ4' అని రాస్తున్నది దాని వంశమే. 1981 నుంచి ఫిడే ఈ పద్ధతిని మాత్రమే ఒప్పుకుంటోంది.

మన గుంటూరు సంగతికొద్దాం. పెంటేల హరికృష్ణ 1986లో గుంటూరులో పుట్టాడు. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయ్యాడు. ద్రోణవల్లి హారిక కూడా 1991లో గుంటూరులోనే పుట్టింది, 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. అప్పటికి ప్రపంచంలో ఆ బిరుదు అంత చిన్న వయసులో తెచ్చుకున్న ఆడపిల్ల లేదు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన మగవాళ్ల జట్టు, ఆడవాళ్ల జట్టు రెండూ బంగారం గెలిచాయి. హరికృష్ణ ఒక జట్టులో, హారిక ఇంకో జట్టులో ఉన్నారు. వీళ్ల ఆటలు మనం ఫోన్లో తెరిచి ఎత్తు ఎత్తుగా చూడొచ్చు. మిరప యార్డు ఉన్న ఊరి నుంచి వచ్చిన వాళ్ల ఆట చీరాల బస్టాండులో కూర్చుని నేర్చుకోవచ్చు. అది ఎట్టా వీలైందో చెబుతాం.

కాగితం నుంచి కంప్యూటర్‌కు

మొదట్లో ఒక్కో కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆటను ఒక్కో రకంగా దాచుకునేది. ఒకదాని ఫైలు ఇంకోదానికి అర్థమయ్యేది కాదు. 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన పీజీఎన్ అనే పద్ధతి తయారు చేశాడు. మనిషి చదవగలగాలి, రాయగలగాలి, మెషీన్ కూడా విడగొట్టి అర్థం చేసుకోగలగాలి. అదీ దాని ఉద్దేశం. మామూలు అక్షరాల ఫైలు, అంతే. పైన ఏడు వివరాలు ఉంటాయి: టోర్నమెంట్ పేరు, జరిగిన చోటు, తేదీ, రౌండు, తెల్ల పావుల మనిషి, నల్ల పావుల మనిషి, ఫలితం. కింద ఎత్తులు వరసగా. తెల్ల గెలిస్తే 1-0, నల్ల గెలిస్తే 0-1, సమానమైతే 1/2-1/2. ఆట తేలకపోతే ఒక నక్షత్రం గుర్తు. తేదీ తెలియకపోతే ప్రశ్న గుర్తులు పెడతారు.

ఈ చివరి మాట మాకు బాగా నచ్చింది. తెలియని దాన్ని తెలియదని రాసే చోటు ఆ పద్ధతిలోనే ఉంది.

ఇదే సమయంలో ఆన్‌లైన్ ఆట కూడా వచ్చింది. 1992లో అమెరికాలో ఇంటర్నెట్ చెస్ సర్వర్ మొదలైంది. 2007లో చెస్.కామ్ ఇప్పటి రూపంలో వచ్చింది. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన తిబో డుప్లెసీ లీచెస్ పెట్టాడు. అది పూర్తిగా ఉచితం, దాని కోడ్ కూడా ఎవరైనా చూడొచ్చు. లీచెస్ వాళ్లు 2013 జనవరి నుంచి జరిగిన రేటెడ్ ఆటలన్నిటినీ నెలకో ఫైలుగా అందరికీ వదిలేశారు. ఆ మొదటి నెల ఫైల్లో 1,21,332 ఆటలున్నాయి. ఇప్పుడు ఒక్క నెల ఫైల్లో కోట్ల ఆటలుంటాయి.

ఇక్కడ ఒక మార్పు గమనించండి. కొక్రేన్ కాలంలో పెద్ద ఆటగాడి ఆట మాత్రమే రాసేవాళ్లు. ఇప్పుడు ఎవడు ఆడినా దానంతట అదే రాసుకుంటుంది. వాడరేవు ఇసకలో కూర్చుని మేం ఓడిపోయిన ఆట కూడా ఎక్కడో సర్వర్‌లో ఉంది. మన తాతల ఆటలు ఒక్కటీ లేవు, మనవి ఒక్కటీ పోవు.

ఏపీఐ అంటే ఏంది

మీసేవ కౌంటర్ గుర్తు చేసుకోండి. లోపల ఆఫీసులోకి మనం పోలేం. కిటికీ దగ్గర సరైన నంబరు, సరైన ఫారం ఇస్తే సర్టిఫికెట్ బయటికి వస్తుంది. ఏపీఐ అట్టాంటి కిటికీ. ఒక పద్ధతి ప్రకారం రాసిన వెబ్ అడ్రస్‌తో అడిగితే బొమ్మలు, రంగులు ఏమీ లేకుండా వట్టి సమాచారం ఇస్తుంది.

చెస్.కామ్ కిటికీలో యూజర్‌నేమ్, సంవత్సరం, నెల పెట్టి అడగాలి. ఆ నెలలో ఆడిన ఆటలన్నీ జేసన్ రూపంలో వస్తాయి. జేసన్ అంటే ప్రతి విలువ ముందు దాని పేరు రాసి ఉండే జాబితా. హాస్టల్ రిజిస్టర్‌లో 'పేరు', 'ఊరు', 'గది' అని గడులు ఉన్నట్టు. లీచెస్ కిటికీలో యూజర్‌నేమ్ పెట్టి అడిగితే ఆటలు వరసగా వస్తాయి. పీజీఎన్ కావాలో, లైనుకో జేసన్ కావాలో మనం చెప్పాలి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అనేది కూడా చెప్పొచ్చు. రెండు చోట్లా బయటికి కనిపించే ఆటలకు పాస్‌వర్డ్ అడగరు, డబ్బులు అడగరు.

క్యూ పద్ధతి మాత్రం పాటించాలి. ఒకటి వచ్చాకే ఇంకొకటి అడగాలి. మేం ఆత్రంగా ఒకేసారి నాలుగు ఫోన్ల నుంచి, ఒకటే వైఫై మీద అడిగాం. 429 అనే నంబరు వచ్చింది. 'మరీ ఎక్కువ అడుగుతున్నారు, ఆగండి' అని దాని అర్థం. అట్టా వస్తే ఒక నిమిషం పూర్తిగా ఆగి మళ్లీ అడగాలని లీచెస్ వాళ్ల సూచనల్లోనే ఉంది.

కాలేజీ ల్యాబ్‌లో ఖాళీ దొరికినప్పుడు, మిగతా సమయంలో ఫోన్ బ్రౌజర్‌లో పైథాన్ నడిపి ఈ పని చేశాం. మేం పడ్డ తప్పులు రాస్తున్నాం, మీరు పడకండి.

మొదటి తప్పు తేదీలో. ఆట సమయం మామూలు తేదీలా రాదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ అంకె వస్తుంది. చెస్.కామ్ సెకన్లలో ఇస్తుంది, లీచెస్ మిల్లీసెకన్లలో ఇస్తుంది. మేం రెండిటినీ ఒకటే అనుకున్నాం. లీచెస్ ఆట దగ్గర 'సంవత్సరం 55 వేల చిల్లర, హద్దు దాటింది' అని పైథాన్ తిట్టింది. వెయ్యితో భాగిస్తే సరిపోయింది.

రెండో తప్పు గంటలో. ఆ సమయం మనది కాదు, యూటీసీ. మనకు కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి. మన రాత్రి పది అంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఇది కలపకపోతే మా లెక్క మొత్తం తప్పే అయ్యేది.

మూడో తప్పు మాటల్లో. 'టైమవుట్' అనే మాట రెండు చోట్లా ఉంది. చెస్.కామ్‌లో దానర్థం గడియారంలో టైము అయిపోయిందని. లీచెస్ జేసన్‌లో ఆటగాడు ఆట మధ్యలో వెళ్లిపోయాడని. గడియారం అయిపోతే లీచెస్ 'అవుటాఫ్‌టైమ్' అని వేరే మాట వాడుతుంది. మాట ఒకటే కదా అని కలిపేస్తే మనిషి చేయని పని చేసినట్టు లెక్క వస్తుంది.

పీజీఎన్‌ను విడగొట్టడం మొదట మేమే చేయబోయాం, ఖాళీ దగ్గర కోసి. కుదర్లేదు. ఎత్తుల మధ్యలో బ్రాకెట్లలో గడియారం అంకెలు కూడా ఉంటాయి. పైథాన్-చెస్ అనే ఉచిత లైబ్రరీ ఉంది, అది వాడితే ఎత్తులు వేరు, గడియారం వేరు చేసి ఇస్తుంది. ఆఖరి స్థితి కోసం ఫెన్ అనే ఒక్క లైను వస్తుంది. బోర్డు మీద ఏ గడిలో ఏ పావు ఉందో అంతా అందులో ఉంటుంది. దాని మూలం 19వ శతాబ్దంలో డేవిడ్ ఫోర్సైత్ అనే స్కాట్లాండ్ పత్రికా రచయిత కనిపెట్టిన పద్ధతి. ఆ లైన్లో పావులు లెక్కపెట్టి మంత్రికి 9, ఏనుగుకు 5, గుర్రానికి, శకటుకు 3, బంటుకు 1 వేసుకుంటే ఎవరు ముందున్నారో సుమారుగా తెలుస్తుంది.

లెక్క ఏం చెప్పింది

మాలో ఒకడి ఆరు నెలల ఆటలు తీశాం. 412 ఆటలు. అందులో 37 'అబాండన్డ్'. ఆ 37కి గంటలు కట్టి పేపర్ మీద వరసగా రాశాం. 29 ఆటలు రాత్రి 9:55 నుంచి 10:10 లోపల ఆగాయి. సెలవులకు ఇంటికి పోయిన రోజుల్లో ఆ సమయంలో ఒక్కటీ లేదు. ఆగిన ఆటల్లో చాలావాటిలో మావాడి గడియారంలో ఇంకా నిమిషాలు ఉన్నాయి. 29లో 11 ఆటల్లో పావుల లెక్కలో మావాడే ముందున్నాడు, 9 ఆటల్లో సమానం, 9 ఆటల్లో వెనక.

గెలిచే ఆటలో ఎవడు లేచిపోతాడు?

నిజం మొత్తం చెప్పాలి. మిగిలిన 8 ఆటలకు పదింటితో సంబంధం లేదు. వాటిలో 6 ఆటల్లో మావాడు బాగా వెనకబడి ఉన్నాడు. అడిగితే ముందు నసిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. విసుగొచ్చి ఫోన్ పక్కన పడేశాడంట. అదీ రాసుకున్నాం. మనకు పనికొచ్చేది చూపించి మిగతాది దాచేస్తే మన లెక్కను ఎవరూ నమ్మరు.

ఈ లెక్క వేసే రాత్రి స్టువర్టుపురం తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత హాజరు గురించి చెప్పాడు. మనలో చాలామందికి తెలిసిన చరిత్రే. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్లను పుట్టుకతో నేరస్తుల లెక్కలో వేసింది. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం పక్కన 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. ఆ చట్టం కింద పేర్లు రిజిస్టర్‌లో, వేలిముద్రలు పోలీసుల దగ్గర. పిలిచినప్పుడు హాజరు పలకాలి, బయటికి పోవాలంటే పాసు కావాలి. చెప్పిన వేళకు లేకపోతే అదే నేరం. 1952 ఆగస్టు 31న దేశం మొత్తం మీద ఆ ముద్ర చట్టంలో నుంచి పోయింది.

చెస్ సైట్ లిస్టూ పోలీసు రిజిస్టరూ ఒకటే అని మేం అనడం లేదు. ఒక దాంట్లో పోయేది రేటింగ్, ఇంకో దాంట్లో మనిషి బతుకు. కానీ ఒక సంగతి రెండిట్లోనూ ఉంది. మనిషి అక్కడ లేడు అని మాత్రమే రాసి, ఎందుకు లేడో అడగకపోతే, చదివేవాడు తనకు తోచిన కారణం పెట్టుకుంటాడు. తేడా ఏందంటే, మా తాతలు ఆ రిజిస్టర్ అడిగి తెచ్చుకోలేకపోయారు. మేం తెచ్చుకోగలిగాం. గంటలు కట్టగలిగాం. పక్కన కారణం రాయగలిగాం.

తర్వాత ఏమైంది

రెండు పేజీలు రాసుకుని సారు దగ్గరికి పోయాం. ఆ 8 ఆటలు కూడా చూపించాం. ఆయన చాలాసేపు చూశారు. వైఫై టైము వార్డెన్ సార్‌ను అడిగి సరిచూసుకున్నారు. తర్వాత, "ఆన్‌లైన్ పక్కన పెడదాం. శనివారం బోర్డు మీద ఆడండి, ఎత్తులు మీరే రాయండి" అన్నారు.

శనివారం పద్నాలుగు మందిమి ఆడాం. జీవితంలో మొదటిసారి స్కోర్‌షీట్ మీద మా చేత్తో మా ఎత్తులు రాశాం. మొదటి ఆటలో కంగారుకి రెండు ఎత్తులు రాయడం మర్చిపోయి మళ్లీ దిద్దుకున్నాం. మాలో ఇద్దరు టీమ్‌లోకి వచ్చారు. ఇద్దరు రాలేదు. ఆ 37 ఆటల తమ్ముడు రాని వాళ్లలోనే ఉన్నాడు. బోర్డు మీద ఓడిపోయాడు. "ఈసారి ఓడిపోయానని సరిగ్గా రాసి ఉంది, అది చాలు" అన్నాడు. వచ్చే ఏడు మళ్లీ పేరిస్తాడు.

మీకు ఒక మాట

మీలో ఆన్‌లైన్ ఆడేవాళ్లు ఎవరైనా మీ ఆటలు ఒకసారి తీసుకుని చూసుకోండి. ఎక్కడ ఓడుతున్నారో కాదు, ఎన్ని గంటలకు ఓడుతున్నారో కూడా చూడండి. సాయం కావాలంటే కింద కామెంట్ పెట్టండి, మా కోడ్ ఇస్తాం. మీ యూజర్‌నేమ్ మార్చుకుంటే చాలు.

ఇంకొకటి. మా కాలనీలో రావిచెట్టు కింద అరుగు మీద పులి-మేక గీతలు చెక్కి ఉన్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. మా అమ్మమ్మ మేకలతో ఆడితే పులులకు దారి ఉండదు. ఆ ఆట ఏ సర్వర్‌లోనూ లేదు, ఏ కిటికీ దగ్గర అడిగినా రాదు. మొన్న దసరా సెలవులకు పోయినప్పుడు గీతలు కలిసే ప్రతి చోటుకూ ఒక నంబరు వేశాం. అమ్మమ్మ, పక్కింటి తాత ఆడుతుంటే ఎత్తులు నోట్‌బుక్‌లో రాశాం. "ఏందయ్యా, నా ఆటకి కూడా రాతకోతలా?" అని అమ్మమ్మ ఒకటే నవ్వు. మూడు ఆటలు రాశాం. మూడూ మేకలే గెలిచాయి.

పైన పీజీఎన్ లాగే ఏడు వివరాలు రాశాం. చోటు దగ్గర వాడరేవు. ఆడిన వాళ్ల దగ్గర వాళ్ల పేర్లు, పూర్తిగా. మీ తండాల్లో, గూడేల్లో, కాలనీల్లో పెద్దవాళ్లు ఆడే ఆటలుంటే మీరూ రాసి పెట్టండి. సంక్రాంతికి అందరివీ ఒక ఫైల్లో చేర్చుదాం.

జోహార్.